ఐపీటీవీ మల్టీకాస్ట్: కొన్ని ఛానళ్లు నాలుగు నిమిషాలకే ఆగుతున్నాయి, కొన్ని అడగకుండానే అన్ని పోర్టుల్లోకీ పారుతున్నాయి

కోనసీమ_కేబుల్:
అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర చిన్న కేబుల్ నెట్‌వర్క్ నడుపుతున్నాం. పోయినేడు కోయాక్సియల్ తీసేసి ఫైబర్ లాగాం. ఇంటర్నెట్ బాగానే నడుస్తోంది, టీవీ దగ్గరే తలనొప్పి. ఛానళ్లన్నీ హెడ్‌ఎండ్‌లో (ఛానళ్లు వచ్చి చేరే మా గదిలో) ఐపీ మల్టీకాస్ట్‌గా, అంటే ఒకే కాపీ అడిగినవాళ్లందరికీ చేరేలా మారి, స్విచ్‌ల మీదుగా ఓఎల్‌టీకి (ఇళ్లకు ఫైబర్ పంచే పెట్టెకి), అక్కడి నుంచి ఇళ్లలో సెట్‌టాప్ బాక్సులకు వెళ్తాయి. సామాను అమ్మినవాళ్లే వచ్చి సెట్ చేసి వెళ్లారు. ఇప్పుడు ఫోన్ ఎత్తరు.

రెండు సమస్యలున్నాయి. పే ఛానళ్లు 239.10.1.1 అనే మల్టీకాస్ట్ అడ్రసు నుంచి మొదలవుతాయి, ఛానల్‌కి ఒక అడ్రసు, దాన్నే గ్రూపు అంటారు. పెట్టగానే శుభ్రంగా వస్తాయి, నాలుగు నిమిషాలు దాటాక బొమ్మ బిగుసుకుపోతుంది. వేరే ఛానల్‌కి వెళ్లి తిరిగొస్తే మళ్లీ నాలుగు నిమిషాలు. ఫ్రీ ఛానళ్లు 239.0.0.1 నుంచి. ఇవి అస్సలు ఆగవు. ఆగకపోవడమే గోల! ఏ బాక్సూ అడగకపోయినా అన్ని పోర్టుల్లోకీ పారుతున్నాయి. ఖాళీ పోర్టుకి ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే ఇరవైకి పైగా ఛానళ్లు ఒకేసారి కనిపించాయి. 100 ఎంబీపీఎస్ పోర్టులున్న పాత స్విచ్‌లు చేతులెత్తేస్తున్నాయి.

ఐజీఎంపీ స్నూపింగ్ (ఏ పోర్టు ఏ ఛానల్ అడిగిందో స్విచ్ విని అక్కడికే పంపడం) ఆన్‌లోనే ఉంది. దాన్ని తీసేస్తే ఫ్రీజ్ పోతుంది కానీ అన్ని ఛానళ్లూ అన్ని చోట్లకీ వెళ్లి మొత్తం కూలుతుంది. సీరియల్ టైంలో వచ్చే ఫోన్లు తట్టుకోలేకపోతున్నాం. ఎక్కడ చూడాలో చెప్పండి.

ప్యాకెట్_పంతులు:
ఒకే ప్రశ్న. టీవీ వీల్యాన్‌లో, అంటే స్విచ్‌ల్లో టీవీకి విడిగా కేటాయించిన నెట్‌వర్క్‌లో, ఐజీఎంపీ క్వెరియర్ ఎవరు?

కోనసీమ_కేబుల్:
అదేంటో తెలియదండీ. రూటర్ ఇంటర్నెట్ వీల్యాన్‌లో ఉంది. టీవీ వీల్యాన్‌లో హెడ్‌ఎండ్, స్విచ్‌లు, ఓఎల్‌టీ, బాక్సులు, అంతే.

ప్యాకెట్_పంతులు:
అయితే మొదటి సమస్య దొరికినట్టే. వాచీ పెట్టి చూడండి, ఫ్రీజ్ దాదాపు 4 నిమిషాల 20 సెకన్లకు వస్తుంది.

బాక్సులో ఛానల్ పెట్టగానే అది "239.10.1.7 నాకు కావాలి" అని ఐజీఎంపీ రిపోర్టు పంపుతుంది. స్నూపింగ్ ఉన్న స్విచ్ దారిలో ఆ మాట విని, ఆ పోర్టును ఆ గ్రూపు పట్టికలో రాసుకుంటుంది. రాసుకున్నది శాశ్వతం కాదు. బాక్సు ప్లగ్ పీకేసినా, కరెంటు పోయినా స్విచ్‌కి తెలిసే దారి లేదు కాబట్టి ఎంట్రీకి గడువు ఉంటుంది. గడువు లోపల ఎవరో ఒకరు "ఇంకా ఎవరెవరు ఏ గ్రూపులో ఉన్నారు?" అని అడగాలి, బాక్సులు జవాబివ్వాలి. అలా అడిగేదే క్వెరియర్. మామూలుగా అది రూటర్ పని.

డిఫాల్ట్ లెక్క ఇది: ప్రశ్న 125 సెకన్లకోసారి, జవాబుకి 10 సెకన్లు, ఒక ప్రశ్న దారిలో పోయినా ఫరవాలేదని రెండుసార్లకు సరిపడా గడువు. 125ని రెండుతో హెచ్చవేసి 10 కలపండి, 260 సెకన్లు. మీ టీవీ వీల్యాన్‌లో అడిగేవాళ్లే లేరు. బాక్సు మొదట్లో చెప్పిన మాటతోనే స్విచ్ 260 సెకన్లు లాగి, తర్వాత పేరు కొట్టేస్తోంది. బాక్సు తప్పేమీ లేదు, దాన్నెవరూ మళ్లీ అడగలేదు.

హెడ్‌ఎండ్‌కి దగ్గరున్న మెయిన్ స్విచ్‌లో స్నూపింగ్ క్వెరియర్ అనే ఆప్షన్ ఉంటుంది. ఆ వీల్యాన్‌కి ఒక ఐపీ ఇచ్చి ఆన్ చేయండి. ఐపీ ఇవ్వకపోతే కొన్ని స్విచ్‌లు ప్రశ్నలే పంపవు.

బ్యాక్‌బెంచ్_బాబు:
ఇంత సీన్ ఉందని తెలియక మా ఆఫీసులో సీసీ కెమెరాలకు నాలుగు స్విచ్‌లు మార్చారు 😀

రాధిక_రూటింగ్:
రెండో సమస్య నేను చెప్తాను, పంతులు గారు టీ తాగి వచ్చేలోపు.

కేబుల్ గారూ, మీ ఫ్రీ ఛానళ్ల అడ్రసులే అసలు చిక్కు. ఐపీవీ4లో మల్టీకాస్ట్ అడ్రసులు 224 నుంచి 239 దాకా. మొదటి నాలుగు బిట్లు అన్నిటికీ ఒకటే, మిగిలిన 28 బిట్లు గ్రూపును గుర్తుపట్టేవి. ఈథర్నెట్ మీదికి దిగేటప్పుడు మ్యాక్ అడ్రసులోకి (ఈథర్నెట్ వాడే హార్డ్‌వేర్ అడ్రసులోకి) వాటిలో చివరి 23 బిట్లే వెళ్తాయి. అయిదు బిట్లు రాలిపోతాయి, అంటే 32 ఐపీ గ్రూపులకు ఒకే మ్యాక్ అడ్రసు. 239.0.0.5కీ, 239.128.0.5కీ, 224.0.0.5కీ ఈథర్నెట్ దృష్టిలో తేడా లేదు.

ఇప్పుడు 224.0.0తో మొదలయ్యేవి ఏమిటో చూడండి. 224.0.0.1 అంటే అన్ని హోస్టులు, 224.0.0.2 అన్ని రూటర్లు, 224.0.0.5 రూటర్లు దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్, 224.0.0.251 పరికరాలు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే ఎండీఎన్‌ఎస్. ఇవి తెగితే నెట్‌వర్కే తెగుతుంది. అందుకే స్నూపింగ్ గురించిన 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) 4541, వీటిని ఎవరూ అడగకపోయినా అన్ని పోర్టుల్లోకీ పంపమంటుంది. ఐపీ చూసి నిర్ణయించే స్విచ్ అయితే బాధ లేదు. మ్యాక్ చూసి నిర్ణయించే స్విచ్‌కి మీ భక్తి ఛానల్ ఓఎస్‌పీఎఫ్ ప్యాకెట్‌లా కనిపిస్తుంది. గౌరవంగా అందరికీ పంచుతుంది.

ఫ్రీ ఛానళ్లను 239.20.1.1 నుంచి మొదలయ్యేలా మార్చండి. రెండో అంకె 0 గానీ 128 గానీ అయి, మూడో అంకె సున్నా అయిన అడ్రసు ఎప్పుడూ వాడకండి. ఫ్రీ ఛానళ్లు ఫ్రీజ్ కాకపోవడానికీ ఇదే కారణం. అసలు పట్టికలో లేనిదాన్ని గడువు తీరిందని కొట్టేయడం కుదరదు కదా.

ఎంటెక్_మల్లిక:
అక్కా, 28 బిట్లుంటే 23 మాత్రమే తీసుకోవడమేంటి? ఎవరో కావాలనే చేసినట్టుంది.

రాధిక_రూటింగ్:
డబ్బులు చాలక, అని చెబుతారు మల్లికా. స్టాన్‌ఫర్డ్‌లో ఈ ఐపీ మల్టీకాస్ట్ రూపొందించినది స్టీవ్ డీరింగ్. 28 బిట్లు పూర్తిగా పట్టాలంటే ఈథర్నెట్ అడ్రసు బ్లాకులు వరసగా 16 కొనాలి. అప్పట్లో బ్లాకు వెయ్యి డాలర్లట. ఇంటర్నెట్ అడ్రసుల లెక్క చూసే జాన్ పోస్టెల్ ఒక్కటే కొని, అందులోనూ సగమే మల్టీకాస్ట్‌కి ఇచ్చారని నెట్‌వర్క్ వాళ్లలో తరతరాలుగా నడిచే కథ. ఒక బ్లాకులో 24 బిట్లు, సగం అంటే 23. ఆ పొదుపు ఇవాళ అమలాపురంలో బయటపడింది. ఐపీవీ6లో ఈ కక్కుర్తి లేదు, 32 బిట్లు దించుతారు.

ఎంటెక్_మల్లిక:
ఇంకో డౌట్. మా సిలబస్‌లో బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ రూటింగ్ ఒక్క పేజీలో అయిపోయాయి. అందరికీ పంపేసి, అక్కర్లేనివాళ్లు పారేసుకుంటే సరిపోదా? దండోరా వేసినట్టు. ఈ గ్రూపులు, పట్టికలు, గడువులు ఎందుకు?

ప్యాకెట్_పంతులు:
ఒక్క వైరు మీద అయితే దండోరా బాగానే ఉంటుంది. పాత ఈథర్నెట్ అలాంటిదే, ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. మ్యాక్ అడ్రసు వెతికే ఏఆర్‌పీ, ఐపీ అడ్రసు ఇచ్చే డీహెచ్‌సీపీ నేటికీ దాని మీదే బతుకుతున్నాయి. రూటర్లతో అల్లిన వలలో వ్యవహారం మారుతుంది. అక్కడ వలయాలుంటాయి. వచ్చిన ప్యాకెట్‌ను ప్రతి రూటరూ మిగతా అన్ని దారుల్లోకీ పంపితే, అదే ప్యాకెట్ చుట్టూ తిరిగొచ్చి మళ్లీ రెట్టింపవుతుంది. కాసేపట్లో లింకులు నిండిపోతాయి.

దీని మీద మొదట లోతుగా కూర్చున్నవాళ్లలో మన దేశంవాడున్నాడు. యోగేన్ దలాల్. ఐఐటీ బాంబేలో చదివి స్టాన్‌ఫర్డ్ వెళ్లాడు. 1974 డిసెంబరులో టీసీపీ (రెండు మెషీన్ల మధ్య డేటాను నమ్మకంగా చేర్చే ప్రోటోకాల్) తొలి వివరణ, ఆర్‌ఎఫ్‌సీ 675, రాసిన ముగ్గురిలో ఒకడు, వింట్ సెర్ఫ్, కార్ల్ సన్‌షైన్‌లతో కలిసి. 1977లో పీహెచ్‌డీ, అంశం ప్యాకెట్ స్విచ్చింగ్ నెట్‌వర్కుల్లో బ్రాడ్‌కాస్ట్ ప్రోటోకాల్స్. మరుసటి ఏడాది ఈథర్నెట్ రూపొందించిన మెట్కాఫ్‌తో కలిసి రివర్స్ పాత్ ఫార్వార్డింగ్ మీద పేపర్ వేశాడు. పుస్తకాల్లో మెట్కాఫ్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఈయన పేరు ఫుట్‌నోట్‌లో. నాకైతే ఇది ఎప్పుడూ కొంచెం గుచ్చుతుంది.

అప్పటికి చేతిలో ఉన్న ఉపాయాలు చూడు. ఒక్కొక్కరికీ విడి ప్యాకెట్ పంపడం: ఒకే లింకు మీద అదే సరుకు వందసార్లు. ఒకే ప్యాకెట్‌లో అందరి అడ్రసులూ రాసి పంపడం: హెడర్ చాంతాడంత. నెట్‌వర్క్ మొత్తానికి ఒకే స్పానింగ్ ట్రీ (అందరినీ కలుపుతూ వలయాలు లేని చెట్టు) కట్టి దాని కొమ్మల మీదే పంపడం: పొదుపే, కానీ ఆ చెట్టు ఏదో ప్రతి రూటరుకీ తెలిసి ఉండాలి.

రివర్స్ పాత్ పద్ధతికి కొత్త పట్టిక ఏదీ అక్కర్లేదు. ప్యాకెట్ రాగానే రూటర్ ఒక్క సంగతి చూసుకుంటుంది: ఈ పంపినవాడికి నేనే ఏదైనా పంపాలంటే ఏ దారిన పంపుతాను? ప్యాకెట్ ఆ దారినే వచ్చిందా? వస్తే మిగతా దారులన్నిటిలోకీ కాపీ. వేరే దారిన వస్తే అది తిరిగొచ్చిన నకలు, పారెయ్. మామూలు రూటింగ్ పట్టికనే వెనక్కి తిప్పి చదవడం, అంతే. వలయాల గొడవ పోయింది. ఇవాళ ఏ పెద్ద రూటర్లో మల్టీకాస్ట్ ఆన్ చేసినా అది మొదట చేసే తనిఖీ ఇదే. చాలామంది గంటలు గంటలు వెతికేదీ దీన్నే: సోర్స్‌కి రూట్ ఒక ఇంటర్‌ఫేస్‌లో, ప్యాకెట్లు ఇంకో ఇంటర్‌ఫేస్‌లో వస్తుంటే రూటర్ నోరు మెదపకుండా అన్నీ పారేస్తుంది.

దీని తర్వాత మెట్టు డీరింగ్‌ది. 1989 ఆగస్టు, ఆర్‌ఎఫ్‌సీ 1112. అక్కర్లేని కొమ్మలను కత్తిరించాలంటే అక్కడ ఎవరికి కావాలో తెలియాలి, అందుకు ఐజీఎంపీ. నువ్వడిగిన గడువులు, పట్టికలు అక్కడ మొదలయ్యాయి.

అందరికీ పంపడంలో ఇంకో ముప్పుంది. 1990ల చివర్లో స్మర్ఫ్ దాడులు జరిగాయి. బాధితుడి అడ్రసు దొంగగా పెట్టి ఒక సబ్‌నెట్ బ్రాడ్‌కాస్ట్ అడ్రసుకి పింగ్ కొడితే, ఆ సబ్‌నెట్‌లో ఉన్నవన్నీ బాధితుడికి జవాబిచ్చేవి. 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2644 వచ్చి, రూటర్లు అలాంటివి డిఫాల్ట్‌గా దాటనివ్వకూడదని తేల్చింది. ఐపీవీ6 అయితే బ్రాడ్‌కాస్ట్‌నే ఎత్తేసింది.

ఫ్రిస్కో_వాసు:
పంతులు గారి పాఠం బావుంది కానీ నేనో చేదు మాట చెప్తాను. ఇంటర్నెట్ మీద మల్టీకాస్ట్ చచ్చిపోయింది. మేమంతా దాన్ని చంకనెక్కించుకుని తిరిగినవాళ్లమే.

1992 మార్చిలో శాన్‌డియాగోలో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సమావేశం ఆడియోను మల్టీకాస్ట్ చేశారు. దాన్నుంచే ఎంబోన్, ఇంటర్నెట్ మీద మల్టీకాస్ట్ ప్రయోగ నెట్‌వర్క్. మధ్యలో రూటర్లకు మల్టీకాస్ట్ రాకపోతే, యూనిక్స్ మెషీన్ల మీద ఎంరౌటెడ్ అనే ప్రోగ్రాం నడిపి, ఆ ప్యాకెట్లను మామూలు ప్యాకెట్లలో చుట్టి దాటించే టన్నెళ్లు వేసేవారు. 1994 నవంబరులో మా డాలస్ కాటన్ బౌల్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీలో కొంత భాగం ఎంబోన్ మీద వెళ్లింది. ఇక టీవీ అంతా ఇలాగే అనుకున్నారు జనం.

ఎందుకు కాలేదంటే లెక్క కుదరలేదు. మామూలు రూటింగ్‌లో లక్షల మందికి ఒకే ప్రిఫిక్స్ (అడ్రసుల్లో ఉమ్మడి ముందు భాగం) పెట్టి సర్దేయొచ్చు. మల్టీకాస్ట్‌లో ప్రతి గ్రూపుకీ దారిలో ఉన్న ప్రతి రూటరూ విడిగా గుర్తుంచుకోవాలి. పైగా నా నెట్‌వర్క్‌లోకి ఒక ప్యాకెట్ వచ్చి లోపల పదివేలైతే బిల్లు ఎవరికి వేయాలి? ఎవరైనా ఏ గ్రూపుకైనా పంపొచ్చు అనే డిజైన్ ఇంకో తద్దినం. 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8815 వచ్చి, వేర్వేరు నెట్‌వర్కుల మధ్య ఆ పాత పద్ధతి మానేయండి, సోర్స్ పేరు చెప్పి చేరే ఎస్ఎస్ఎం మాత్రమే వాడండి అంది. అది కూడా ఎంతమంది వాడుతున్నారులెండి.

2023 వరల్డ్‌కప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. మల్టీకాస్ట్‌కి ఇంతకన్నా మంచి సందర్భం పుట్టదు. అయినా అంతా యూనికాస్ట్ (ఒక్కొక్కరికీ విడి కాపీ), సీడీఎన్ (చూసేవాళ్లకు దగ్గర్లో పెట్టిన సర్వర్లు). తలా 2 ఎంబీపీఎస్ అనుకున్నా 118 టెరాబిట్లు. సర్వర్లు పెంచడమే తేలికైంది.

రాధిక_రూటింగ్:
వాసు గారూ, చచ్చింది ఇంటర్నెట్ మధ్యలో. ఒకే యజమాని చేతిలో మొత్తం నెట్‌వర్క్ ఉన్నచోట రోజూ పనిచేస్తోంది. మీరు చెప్పిన బిల్లు గొడవ అక్కడ లేదు కదా.

ఈ కేబుల్ గారి కేసే తీసుకోండి. జీపాన్‌లో (ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతిలో) ఓఎల్‌టీ నుంచి దిగే వెలుగు స్ప్లిటర్ మీదుగా ఆ పోర్టు మీదున్న ఇళ్లన్నిటికీ ఎలాగూ చేరుతుంది. కిందికి 2.488 జీబీపీఎస్, అది అందరికీ కలిపి. 64 ఇళ్లు ఒకే మ్యాచ్ హెచ్‌డీలో చూస్తున్నాయనుకోండి, ఛానల్ 8 ఎంబీపీఎస్. యూనికాస్ట్ అయితే 512 ఎంబీపీఎస్. మల్టీకాస్ట్ అయితే ఎనిమిదే. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, ఫోన్, టీవీ కలిపి ఇచ్చిందంటే, ఇంటింటికీ విడి కాపీ పంపుతూ అది సాగే పని కాదు.

టిక్_బై_టిక్:
ముంబైలో ట్రేడింగ్ సిస్టమ్స్ పని, సొంతూరు ఏలూరు. స్టాక్ ఎక్స్‌ఛేంజీ సంగతి చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు.

ఎన్‌ఎస్‌ఈ కోలొకేషన్ (బ్రోకర్లు తమ సర్వర్లను ఎక్స్‌ఛేంజీ దగ్గరే పెట్టుకోవడం) కేసు వార్తల్లో చదివే ఉంటారు. రాజకీయాలు పక్కనపెట్టి నెట్‌వర్క్ వైపు నుంచి చూడండి. టిక్ బై టిక్ డేటా, అంటే ప్రతి ఆర్డరు, ప్రతి ట్రేడు సమాచారం, మొదట్లో టీసీపీ మీద వెళ్లేది. అంటే ప్రతి సభ్యుడికీ విడి కనెక్షన్, సర్వర్ ఒకరి తర్వాత ఒకరికి రాస్తుంది. పొద్దున్నే ముందు కనెక్ట్ అయినవాడికి డేటా ముందు. తేడా చాలా చిన్నదే, కానీ అల్గో ట్రేడింగ్‌లో ఆ చిన్నదే సొమ్ము. సెబీ 2019 ఏప్రిల్ 30న ఆదేశమిచ్చి 624.89 కోట్లు వడ్డీతో కట్టమంది. 2023 జనవరిలో సెబీ ఆదేశాల మీద అప్పీళ్లు వినే శాట్ ట్రిబ్యునల్ దాన్ని పక్కనపెట్టి, తగిన జాగ్రత్త తీసుకోనందుకు 100 కోట్లు కట్టమంది. ఎవరిది ఎంత తప్పు అనేది నేను తేల్చేది కాదు. 2014 నాటికి ఎక్స్‌ఛేంజీ డేటాను మల్టీకాస్ట్‌కి మార్చింది.

మల్టీకాస్ట్‌లో సర్వర్ ఒక్కసారే రాస్తుంది. కాపీలు స్విచ్ చిప్‌లో తయారై పోర్టుల్లోకి దాదాపు ఒకేసారి దిగుతాయి. వరసలో నిలబడటం అనేదే ఉండదు. మా దృష్టిలో బ్యాండ్‌విడ్త్ ఆదా రెండో సంగతి.

ఎంటెక్_మల్లిక:
మరి ప్యాకెట్ పోతే? యూడీపీ కదా సార్. రసీదు ఉండదు.

టిక్_బై_టిక్:
రసీదు పెడితే కొంప మునుగుతుంది. వేలమంది ఒకే ప్యాకెట్‌కి ఒకేసారి రసీదు పంపితే పంపినవాడు దాని కింద పడి చస్తాడు. అందుకే ప్యాకెట్లకు వరస నంబర్లు వేస్తాం. ఎక్స్‌ఛేంజీలు సాధారణంగా అదే డేటాను రెండు వేర్వేరు గ్రూపుల్లో, రెండు దారుల్లో పంపుతాయి. ఒకదాంట్లో 1047 పోతే రెండోదాంట్లో తీసుకుంటాం. రెండిట్లోనూ పోతేనే విడిగా టీసీపీ మీద అడుగుతాం. టీవీలో అయితే అడిగే టైమే ఉండదు, అదనపు ప్యాకెట్లు కలిపి పంపి పోయినదాన్ని అక్కడే లెక్కకట్టి పూరిస్తారు, ఎఫ్‌ఈసీ అంటారు.

ఫ్రిస్కో_వాసు:
సరే, ఒకే కప్పు కింద బతికుందని ఒప్పుకుంటాను. బయట మాత్రం లేదు.

ప్యాకెట్_పంతులు:
వాసు, బీఐఈఆర్ చూశావా? 2017, ఆర్‌ఎఫ్‌సీ 8279. ప్యాకెట్ హెడర్‌లో ఒక బిట్ల వరస ఉంటుంది, బిట్‌కి ఒక గమ్య రూటర్. మధ్యలో రూటర్లు గ్రూపులు గుర్తుంచుకోనక్కర్లేదు. దలాల్ నాటి "ఒకే ప్యాకెట్‌లో అందరి అడ్రసులూ" అనే ఉపాయం, ఈసారి అడ్రసుకి ఒక్క బిట్‌తో. నువ్వు చెప్పిన రూటర్ భారం తీరుతుంది, బిల్లు తీరదు.

మోడరేటర్:
చర్చ బావుంది, కానీ కేబుల్ గారి పని అయ్యిందో లేదో ఎవరైనా అడిగారా?

కోనసీమ_కేబుల్:
అయ్యిందండీ, అయ్యింది. మెయిన్ స్విచ్‌లో క్వెరియర్ పెట్టగానే పే ఛానళ్లు ఆగడం పోయింది. ఫ్రీ ఛానళ్లు 239.20.1కి మార్చాం, బాక్సుల్లో ఛానల్ లిస్టు అప్‌డేట్ చేయడమే పెద్ద పనైంది. ఖాళీ పోర్టులో ఇప్పుడు ఏమీ రావడం లేదు. రాధిక గారికి, పంతులు గారికి పూతరేకులు బాకీ.

ఇంకా రెండున్నాయి. కొందరు రిమోట్ టకటకా నొక్కుతూ ఛానళ్లు మారుస్తుంటే కాసేపు గళ్లుగళ్లుగా వస్తోంది, పాత రాగి లైను ఉన్న అపార్ట్‌మెంట్లో ముఖ్యంగా. ఇంకోటి, బాక్సుని వైఫై మీద పెట్టినవాళ్లకు బొమ్మే సరిగా రాదు. వాళ్లింట్లో ఫోన్లలో యూట్యూబ్ మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది!

రాధిక_రూటింగ్:
మొదటిది: బాక్సు గ్రూపు వదిలేస్తున్నానని చెప్పినా స్విచ్ వెంటనే ఆపదు. ఆ పోర్టు మీద ఇంకెవరైనా చూస్తున్నారేమో అని సెకనుకొకటి చొప్పున రెండుసార్లు అడిగిస్తారు. ఆ రెండు సెకన్లూ పాత ఛానల్, కొత్త ఛానల్ రెండూ దిగుతాయి. టకటకా నొక్కితే మూడో నాలుగో కలిసి సన్నటి లైను నిండిపోతుంది. ఫాస్ట్ లీవ్ ఆన్ చేస్తే తక్షణం ఆగుతుంది. ఒక పోర్టుకి ఒకే బాక్సు ఉన్నచోటే పెట్టండి. రెండు టీవీలున్న ఇంట్లో పెడితే ఒకరు ఛానల్ మార్చగానే, అదే ఛానల్ చూస్తున్న రెండో టీవీకీ ఆగుతుంది. అత్తాకోడళ్ల మధ్య మీరు ఇరుక్కుంటారు.

బ్యాక్‌బెంచ్_బాబు:
వైఫైది నేను చెప్పగలను, మా హాస్టల్లో ఇదే గోల. యూట్యూబ్ యూనికాస్ట్. ప్యాకెట్ అందకపోతే వైఫై స్థాయిలోనే మళ్లీ పంపుతుంది, దగ్గరున్న ఫోన్‌కి ఎక్కువ స్పీడు వాడుతుంది. మల్టీకాస్ట్‌కి రసీదు లేదు, పోతే పోయినట్టే. పైగా అందరికీ అందాలని తక్కువ స్పీడులో పంపుతుంది. ఇంట్లో ఏ ఫోనైనా పవర్ సేవింగ్‌లో ఉంటే అది లేచేదాకా ప్యాకెట్లు ఆగి, గుంపుగా బయల్దేరతాయి. 2021లో దీని మీద ఆర్‌ఎఫ్‌సీ 9119 అని ఏకంగా ఒక పత్రమే వచ్చింది. రూటర్లో మల్టీకాస్ట్‌ని యూనికాస్ట్‌గా మార్చే సెట్టింగ్ ఉంటే అది పెట్టండి. లేకపోతే వైరు లాగండి.

కోనసీమ_కేబుల్:
వైరే లాగుతాం బాబూ. ఆఖరి డౌట్: మెయిన్ స్విచ్ పోతే క్వెరియర్ కూడా పోతుంది కదా, రెండో స్విచ్‌లో కూడా ఆన్ చేసి ఉంచొచ్చా? రెండూ కొట్టుకోవా?

ప్యాకెట్_పంతులు:
కొట్టుకోవు. ఐజీఎంపీ రెండో వెర్షన్ నుంచి ఎన్నిక ఉంది, తక్కువ ఐపీ ఉన్నది గెలుస్తుంది, రెండోది నోరు మూసుకుని వింటూ ఉంటుంది. మొదటిది పలకడం మానేశాక 4 నిమిషాల 15 సెకన్ల లోపు రెండోది అందుకుంటుంది. మెయిన్ స్విచ్‌కి చిన్న ఐపీ ఇవ్వండి. రెండు స్విచ్‌ల్లోనూ 125 సెకన్ల సెట్టింగ్ ఒకేలా ఉందో లేదో చూసుకోండి. పూతరేకులు నెయ్యివి పంపండి, డ్రైఫ్రూట్‌వి వద్దు.